పోటు వెంట వచ్చే చేప, అలుగు ఎక్కే చేప



హవాయి దీవుల్లోని హోనలులు నుంచి దక్షిణంగా మూడు గంటలు ఎగిరితే కిరిటిమాటి వస్తుంది. పసిఫిక్ మహాసముద్రం నడుమ, భూమధ్యరేఖకు కాస్త పైన, నీళ్ల మీద పరుచుకున్న పగడపు దీవి అది. చాలా ఏళ్లుగా హోనలులు నుంచి అక్కడికి వారానికి ఒక్కటే విమానం. ఈ వారం దిగినవాళ్లు వచ్చే వారం అదే విమానం ఎక్కి తిరిగి రావాలి. అందుకే గాలం పట్టుకుని ఆ దీవికి వెళ్లేవాళ్ల లెక్క ఎప్పుడూ వారాల్లోనే ఉంటుంది.

1777 డిసెంబరు 24న కెప్టెన్ జేమ్స్ కుక్ ఓడలు అక్కడికి చేరాయి. పండుగ పూట కనబడింది కాబట్టి దానికి క్రిస్మస్ దీవి అని పేరు పెట్టి వెళ్లారు. ఇప్పుడది కిరిబాటి గణతంత్రంలో భాగం. నేల విస్తీర్ణం సుమారు 388 చదరపు కిలోమీటర్లు. ప్రపంచంలోని పగడపు వలయ దీవుల్లో ఇంత నేల ఉన్నది మరొకటి లేదు. జనం ఏడు వేలకు అటూ ఇటూ. ఊళ్ల పేర్లు లండన్, పోలండ్, బనానా. 1957, 58 సంవత్సరాల్లో బ్రిటన్, 1962లో అమెరికా అక్కడ అణుబాంబులు పేల్చి పరీక్షించాయి. అంత జరిగిన చోట ఈనాటికీ తెల్లటి ఇసుక మీద చేపలు తిరుగుతున్నాయి. వాటిని పట్టుకుని, చేతుల్లోకి తీసుకుని, మళ్లీ నీటిలోకి వదిలేయడానికే మనుషులు సముద్రాలు దాటి వస్తున్నారు.

ఉప్పల్‌లోనో నాచారంలోనో కూర్చుని ఈ ముచ్చట వినడానికి కారణం ఉంది. వరంగల్ రహదారి పక్కన ఉప్పల్ నల్ల చెరువు, హెచ్‌ఎంటీ నగర్ పక్కన నాచారం పెద్ద చెరువు, ఇంకాస్త ఇవతల రామంతాపూర్ చెరువు. ఈ నీళ్లన్నీ దిగువకు సాగి చివరికి మూసీలో కలవాల్సినవే. వీటిలోనూ చేపకు రాకపోకలు ఉండేవి. అది ఎప్పుడు వస్తుందో, ఎటు నుంచి వస్తుందో తెలిసిన మనుషులూ ఉండేవారు, ఇప్పటికీ కొందరు ఉన్నారు. కిరిటిమాటిలో ఆ తెలివిడికి విలువ కట్టారు. అక్కడ బయటివాళ్లు డబ్బు ఇచ్చి కొనుక్కునేది నిజానికి ఆ తెలివిడినే. ఇక్కడ దాన్ని అడిగినవాళ్లు తక్కువ. ఈ ప్రసంగంలో చెప్పదలచింది ఇదే.

ముందు అలాంటి దీవి ఎలా పుడుతుందో చూద్దాం. ఆ కథలో కొంత భాగం మన నేలకు సంబంధించినది. ఉప్పల్ రోడ్డు మీద హబ్సిగూడ దగ్గర జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. 1961లో మొదలైంది. దాని పునాదుల కింద ఉన్న హైదరాబాద్ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. నగరం దాటి పడమరగా వికారాబాద్ వైపు వెళితే ఆ గ్రానైటు మీద నల్లటి లావా పొరలు మొదలవుతాయి. అవి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటివి. ఆ లావాను కక్కిన భూగర్భపు వేడిచోటు మీదుగా మన భూఖండం ఉత్తరానికి జరుగుతూ పోయింది. వెనకాల సముద్రంలో అగ్నిపర్వతాల వరుస ఒకటి మిగిలింది. లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్ దీవులు ఆ వరుస మీద ఉన్నాయి. వేడిచోటు ఇప్పుడు రీయూనియన్ దీవి దగ్గర ఉంది.

అగ్నిపర్వతం పగడపు వలయంగా ఎలా మారుతుందో చార్లెస్ డార్విన్ 1842లో పుస్తకంగా రాశాడు. పర్వతం తన బరువుకు మెల్లగా కుంగుతుంది. దాని ఒడ్డు చుట్టూ పెరిగే పగడం వెలుతురు కోసం పైకి పైకి కట్టుకుంటూ పోతుంది. చివరికి పర్వతం మునిగిపోయి చుట్టూ ఉన్న కంచె ఒక్కటే మిగులుతుంది. 1952లో మార్షల్ దీవుల్లోని ఎనివెటాక్‌లో బావిలా తొలిచి చూస్తే, దాదాపు 1,400 మీటర్ల పగడపు సున్నపురాయి దాటాక కింద అగ్నిశిల తగిలింది. డార్విన్ చెప్పింది నిజమని అప్పుడు రూఢి అయింది.

ఆ కంచె లోపల అలలు లేని లోతు తక్కువ నీరు నిలుస్తుంది, దాన్ని లాగూన్ అంటారు. దాని అంచుల్లో కిలోమీటర్ల కొద్దీ ఇసుక పర్రలు. పోటు వస్తే మోకాలి లోతు నీరు, ఆటు వస్తే చీలమండ లోతు, ఒక్కోసారి అదీ ఉండదు. నీరు ఎక్కగానే చేపలు లోతుల నుంచి పర్ర మీదికి మేతకు వస్తాయి. నీరు దిగుతుంటే వెనక్కి జారుకుంటాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పెద్దది, అష్టమి రోజుల్లో చిన్నది. కాబట్టి ఆ వారం ఏ తిథుల్లో పడిందన్న దాన్ని బట్టి ప్రతి రోజూ ఏ వేళకు ఏ పర్ర మీద నిలబడాలన్నది మారిపోతుంది. బందరు, భీమిలి తీరంలో వేటకు వెళ్లే జాలరికి ఈ లెక్క కొత్తది కాదు.

ఆ పర్రల మీదికి వచ్చేవాటిలో అందరూ వెతికేది బోన్‌ఫిష్. కిరిబాటివాళ్లు దాన్ని ఇకారి అంటారు. మూరెడు పొడవు, వెండి పొలుసులు. ఆ పొలుసులు అద్దాల్లా పనిచేసి చుట్టూ ఉన్న ఇసుకనే తిరిగి చూపిస్తాయి. అందుకని అది పది అడుగుల దూరంలో ఉన్నా కొత్తవాడి కంటికి ఆనదు. ముందు కనబడేది చేప కాదు, ఇసుక మీద దాని నీడ. లేదా తల కిందికి పెట్టి పీతను, రొయ్యను తవ్వుకుంటుంటే నీటి పైకి లేచిన తోక కొస. గొంతులో ఉన్న గట్టి పళ్ల పలకలతో అది పెంకులను కూడా నలిచేస్తుంది.

వెళ్లినవాళ్లు మొదటి రోజంతా ఈ చూపు కోసమే తంటాలు పడతారు. కళ్లకు పోలరైజ్డ్ అద్దాలు ఉండి తీరాలి. నీటి పైపొర మీద పడి మెరిసే వెలుగును అవి అడ్డుకుంటాయి, లోపలిది బయటపడుతుంది. అయినా చూడటం వేరు, పోల్చుకోవడం వేరు. పక్కన నడిచే గైడు దీవిలో పుట్టి పెరిగినవాడు. చేప ఎటు ఉందో, ఎంత దూరంలో ఉందో, ఎటు తిరిగిందో వరసగా చెబుతూనే ఉంటాడు. అవతలివాడికి మాత్రం తెల్లటి ఇసుక, నీలపు నీరు తప్ప ఏమీ కనబడదు. రెండో రోజుకో మూడో రోజుకో కన్ను కుదురుకుంటుంది. అప్పటి నుంచే అసలు వేట.

ఇక గాలం సంగతి. మన చెరువు గట్టు మీద కూర్చునేవాడి సామాను అందరికీ తెలిసిందే. వెదురు కర్ర, నైలాన్ దారం, బెండు, కొక్కెం, దానికి గుచ్చిన ఎర్ర గానీ పిండిముద్ద గానీ. ఎర బరువే దారాన్ని నీటిలోకి లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్ అనే ఈ పద్ధతిలో ఎర అంటే కొక్కేనికి కట్టిన నాలుగు ఈకలు, కాస్త బొచ్చు, ఒక మెరుపు పోగు. దానికి బరువే లేదు. బరువంతా లైనులో ఉంటుంది. తొమ్మిది అడుగుల సన్నటి కర్రతో ఆ లైనును వెనక్కీ ముందుకూ ఆడిస్తే, బండివాడి చర్నాకోల విప్పుకున్నట్టు గాలిలో విప్పుకుంటూ పోతుంది. దాని కొసన ఉన్న ఈకల ఎర చప్పుడు లేకుండా చేప ముందు దిగాలి. చప్పుడైతే చేప ఉండదు. చేప వెనకాల పడితే ఎర ఉన్నట్టే దానికి తెలియదు. సముద్రపు గాలి ఎప్పుడూ ఎదురే వీస్తుందేమో అనిపిస్తుంది. అందుకే ఈ పని ఇంటి దగ్గర నెలల తరబడి మైదానంలో సాధన చేసి వెళ్లాలి. వెళ్లాక నేర్చుకుందామంటే వారం అక్కడే గడిచిపోతుంది.

ఈకలతో చేపను మభ్యపెట్టడం పాత విద్యే. క్రీస్తుశకం 200 ప్రాంతంలో ఈలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియాలో ఒక ఏటి ఒడ్డున కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడి ఈకలు కట్టి చేపలు పట్టేవారని రాశాడు. తర్వాతి కాలంలో ఇంగ్లండులో ఈ విద్య బాగా పెరిగింది. మన దక్షిణాది అడవుల్లోని బూడిద అడవికోడి మెడ ఈకలకు అక్కడ ఎంత గిరాకీ ఉండేదంటే, ఆ ఈకల కోసమే ఆ కోళ్లను వేటాడి ఓడలకెక్కించేవారు. 20వ శతాబ్దంలో మన ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపింది. మంచి పని చేసింది.

ఉప్పునీటికి ఈ పద్ధతి ఆలస్యంగా వచ్చింది. ఫ్లోరిడా దీవుల్లో బిల్ స్మిత్ అనే గైడు 1939లో ఈకల ఎరతో కావాలని బోన్‌ఫిష్‌ను పట్టిన మొదటివాడని చెబుతారు. 1977లో బహామాస్‌లోని ఆండ్రోస్ దీవిలో బాబ్ నౌహీమ్ అనే అమెరికన్ గొలుసు పూసలను కళ్లలా కట్టి ఒక ఎర తయారు చేశాడు. ఆ పూసల బరువుకు కొక్కెం తిరగబడి, మొన పైకి ఉండి, ఇసుకలో గుచ్చుకోకుండా సాగుతుంది. తనను వేటకు తీసుకెళ్లిన స్థానిక గైడు చార్లీ స్మిత్ పేరు దానికి పెట్టాడు. క్రేజీ చార్లీ అన్న పేరుతో అది ఈనాటికీ బోన్‌ఫిష్ ఉన్న ప్రతి సముద్రంలోనూ వాడుకలో ఉంది. ఇలాంటి వేటలో పేరు పట్టినవాడికి మిగలడం మామూలు. చేపను చూపించినవాడి పేరు ఎరకు మిగిలిన ఈ ఉదాహరణ అపురూపమైనది.

చేప ఎరను నోట పెట్టుకున్న క్షణంలో మన చెరువు అలవాటు పనికిరాదు. బెండు మునగగానే కర్రను పైకి గుంజడం మన పద్ధతి. ఇక్కడ కర్రను కదపకూడదు. ఎడమ చేత్తో లైనును నిదానంగా, గట్టిగా వెనక్కి లాగాలి. కర్ర ఎత్తితే ఎర నోటి నుంచి జారి పైకి లేస్తుంది, చేప మాయమవుతుంది. సరిగా తగిలిందా, ఇక దాని పరుగు చూడాలి. మూరెడు చేప వంద మీటర్ల లైనును ఒక్క ఊపున లాక్కుపోతుంది. రీలు చుట్ట మీద ఇంకా ఎన్ని మీటర్లు మిగిలాయో చూసుకోవడం తప్ప మనిషి చేయగలిగింది ఏమీ ఉండదు.

బోన్‌ఫిష్ నేర్పును పరీక్షిస్తే, పెద్ద పార చేప గుండెను పరీక్షిస్తుంది. మన కోస్తా జాలర్లు పార అని పిలిచే జాతిలో అన్నిటికన్నా పెద్దది ఇదే, జెయింట్ ట్రెవల్లీ. 2006లో జపాన్‌లోని టొకారా దీవుల దగ్గర పట్టినది 72.8 కిలోలు తూగింది. పర్ర మీద మేస్తూ పోయే టేకు చేప వెనకాలే ఇది నక్కి వస్తుంది. అది ఇసుకలోంచి రేపిన ప్రాణిని లటుక్కున అందుకుంటుంది. సీషెల్స్ దేశంలోని ఫర్‌ఖార్ అటాల్ అనే పగడపు వలయ దీవి దగ్గర ఈ చేపలు నీటిలోంచి ఎగిరి, గాలిలో వెళ్లే పక్షిపిల్లలను పట్టడం బీబీసీ వాళ్లు చిత్రీకరించి 2017లో బ్లూ ప్లానెట్ రెండో భాగంలో చూపించారు. పక్షి ఎంత ఎత్తున, ఎంత వేగంతో పోతోందో నీటి లోపలి నుంచే అంచనా కట్టే చేప అది. దాని ముందు సన్న దారాలు ఆగవు, కర్ర కూడా మందంగా ఉండాలి.

పట్టిన తర్వాతి నిమిషం ఈ వేటలో అన్నిటికన్నా బరువైనది. కొక్కేనికి లోపలి వైపు ఉండే చిన్న ముల్లును ముందే పటకారుతో నొక్కేసి ఉంచుతారు, తీయడం తేలికవుతుందని. చేతులు తడుపుకోకుండా చేపను తాకకూడదు. దాని ఒంటి మీది జిగురే దానికి కవచం. నీటి నుంచి పైకి ఎత్తే సమయం ఎంత తక్కువైతే అంత మంచిది. బహామాస్‌లో శాస్త్రవేత్తలు వదిలేసిన బోన్‌ఫిష్‌ల వెంట తిరిగి చూశారు. అలసిపోయి, తూలుతూ పోయే చేపను సొరచేపలు ఇట్టే పసిగట్టి తినేస్తున్నాయని తేలింది. సొరలు తిరిగే చోట వేట ఆపేయాలని, చేపను చూపించుకోవడం కోసం గాలిలో పట్టుకోకూడదని ఆ పరిశోధనల తర్వాతే నియమాలు గట్టిపడ్డాయి.

ఆకలి లేకుండా చేపను గాలానికి తగిలించి మళ్లీ వదలడం న్యాయమా? ఈ ప్రశ్న వేయాల్సిందే. కూటి కోసం వల వేసే గంగపుత్రుడికి, ముదిరాజు బిడ్డకు ఇది వింతగానే తోస్తుంది. చేపను బాధపెట్టి ఆనందించడం అన్న మాటలో నిజం లేకపోలేదు. అయితే దానితో పాటు మరో లెక్క కూడా చూడాలి. బహామాస్‌లో ఈ పర్రల వేట వల్ల దేశానికి ఏటా సుమారు 14 కోట్ల డాలర్ల రాబడి ఉందని 2010 నాటి ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ డబ్బులో గైడుల కూలి ఉంది, పడవ నడిపేవాళ్ల కూలి ఉంది, ఊళ్లో వండిపెట్టేవాళ్ల కూలి ఉంది. ఒకే చేప మళ్లీ మళ్లీ పట్టుబడి, మళ్లీ మళ్లీ వదిలేయబడి, ఏళ్ల తరబడి ఊరికి తిండి పెడుతోంది. ఆ కారణంగానే మడ అడవి నరకవద్దని, పర్రను పూడ్చవద్దని అడిగే బలం ఆ ఊళ్లకు వచ్చింది. చేప పడే ఆ కొద్ది నిమిషాల బాధకు బదులుగా దాని నీరంతా నిలబడుతుందంటే, ఈ పద్ధతి వైపే మొగ్గాలనిపిస్తుంది. ఆ డబ్బు స్థానికుల చేతికి చేరని చోట మాత్రం ఈ వాదన నిలవదు.

ఇక అసలు విషయానికి వద్దాం. కిరిబాటి దేశంలోనే తరావా అని మరో అటాల్ ఉంది. రాజధాని అక్కడే. ఒకప్పుడు ఆ లాగూన్‌లో ఇకారి చేప జనానికి రోజువారీ తిండి. పౌర్ణమి దగ్గర పడిన రోజుల్లో ఇకారిలు గుంపులు గుంపులుగా లాగూన్ నుంచి బయటి సముద్రానికి గుడ్లు పెట్టడానికి వెళ్లేవి. ఏ గుంపు ఏ మొగ గుండా పోతుందో ముసలి జాలర్లకు కంఠస్థం. తరువాత దీవికీ దీవికీ మధ్య రోడ్డు కట్టలు వేశారు. బేతియో, బైరికి దీవులను కలిపే మూడు కిలోమీటర్ల పైచిలుకు కట్ట 1987లో పూర్తయింది. మనుషులకు దారి ఏర్పడింది. చేపలకు దారి మూసుకుపోయింది. దానికి తోడు నైలాన్ వలలు వచ్చాయి.

రాబర్ట్ జోహానెస్ అనే సముద్ర శాస్త్రవేత్త, బీయింగ్ యీటింగ్ అనే కిరిబాటి శాస్త్రవేత్త కలిసి తరావా జాలర్లను కూర్చోబెట్టి అడిగారు. ఎక్కడ, ఏ నెలలో, ఏ తిథిన, ఏ దారిలో అని ప్రతి మాటా రాసుకున్నారు. 2000 ప్రాంతంలో ఆ పని అచ్చయింది. గుడ్లు పెట్టడానికి చేపలు సాగే ఆ దారుల్లో ఒక్కటి తప్ప మిగిలినవన్నీ అప్పటికే పోయాయని అందులో తేలింది. యంత్రాలతో, పడవలతో ఏళ్ల తరబడి కొలిచినా దొరకని సమాచారం అది. పాతికేళ్ల కిందట ఫలానా మొగ దగ్గర ఎంత చేప ఉండేదో చెప్పగలిగేది ఆ రోజు అక్కడ నిలబడిన మనిషి ఒక్కడే. జోహానెస్ అంతకు ముందే 1981లో పలావు దీవుల జాలర్ల తెలివిడి మీద ఒక పుస్తకం రాశాడు. జాలరి మాటను శాస్త్రం పక్కన కూర్చోబెట్టిన తొలి రచనల్లో అది ఒకటి.

ఇకారి గుడ్లు పెట్టే తీరు ఎంత చిత్రమో ఈ మధ్యే బయటపడింది. బహామాస్‌లో పరిశోధకులు చేపలకు సంకేతాలు పంపే పరికరాలు అమర్చి రాత్రంతా వెంబడించారు. మోకాలి లోతు నీటిలో బతికే ఈ చేప ఆ రాత్రి గాలి మింగి, నడి సముద్రంలోకి వెళ్లి, 130 మీటర్లకు మించిన లోతుకు దిగుతుంది. పిల్లలు గాజు నాడాల్లా పారదర్శకంగా పుట్టి, వారాల తరబడి ప్రవాహాల్లో కొట్టుకుని, మళ్లీ ఏదో ఒక పర్రకు చేరుకుంటాయి. పర్ర ఒక్కటే కాపాడితే చాలదు. పర్రకూ లోతుకూ మధ్య మొగ తెరిచి ఉండాలి.

ఇప్పుడు నాచారం, ఉప్పల్ వైపు చూద్దాం. హైదరాబాద్ చుట్టూ ఉన్నవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కాలువ పట్టుకుని కింది చెరువులోకి పోయేది. మృగశిర కార్తె దాటి తొలి వానలు గట్టిగా పడగానే కింది చెరువులోని చేపలు ఆ పారే నీటికి ఎదురెక్కేవి. జెల్లలు, పరిగెలు, మార్పులు, వాటి వెనకాల కొర్రమీను. కొత్త నీటిలో, గడ్డి మునిగిన చోట గుడ్లు పెట్టడానికి వాటి ప్రయాణం అది. అలుగు దగ్గర ఆ రోజుల్లో ఊరు ఊరంతా చేరేది. ఎన్ని చేపలను పట్టాలో, ఎన్నింటిని పోనివ్వాలో ఊరి పెద్దలకు తెలిసేది.

ఆ అలుగులు ఇప్పుడు చాలా చోట్ల కాంక్రీటు గోడలయ్యాయి. కాలువ మీద కాలనీ వచ్చింది, లేదా పైపులోకి దూరింది. నాచారంలో పారిశ్రామికవాడ వచ్చింది, చుట్టూ ఇళ్లు పెరిగాయి, మురుగు చెరువుల్లోకి చేరింది. నీటి మీద గుర్రపు డెక్క పరుచుకుంటే కింద వెలుతురు ఉండదు, ఆక్సిజన్ ఉండదు. 2017 అక్టోబరులో నగరానికి ఆవలి అంచున గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. చెరువు మీద బతికే మత్స్యకారులు ఒక్క రోజులో ఏడాది కూడు పోగొట్టుకున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2016-17 నుంచి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదులుతోంది. పల్లె చెరువుల్లో దాని మేలు కనబడింది. కానీ దారి తెగిన చెరువులో ఏటా పిల్లలను పోస్తూనే ఉండాలి. దారి ఉన్న చెరువు తనంతట తానే నిండుతుంది.

మురుగులోనూ కొర్రమీను బతుకుతుంది. తెలంగాణ రాష్ట్ర చేప అది. నీటిలో ఆక్సిజన్ చాలకపోయినా పైకి వచ్చి గాలి పీలుస్తుంది, పీల్చకుండా ఉండలేదు కూడా. పైకి వచ్చిన చోట చిన్న బుడగ, ఒక సుడి. గట్టు మీద కూర్చున్నవాడు ఆ సుడిని చూసి, తామరాకుల మధ్య కప్పనో, రబ్బరు కప్పనో ఆడిస్తూ లాగుతాడు. ఇప్పుడు తెలంగాణలో ఎంతోమంది కుర్రవాళ్లు రీలు కర్రలు కొనుక్కుని ఇలాగే కొర్రమీను వేటకు వెళుతున్నారు. కిరిటిమాటి పర్ర మీద జరిగేదీ ఇదే విద్య. ముందు చేపను చూడాలి, దాని బుద్ధిని ఊహించాలి, ఆ తర్వాతే ఎర వేయాలి.

ఆ కుర్రవాళ్లకు ఒక మాట చెప్పాల్సి ఉంది. కొర్రమీను తల్లీతండ్రీ తమ పిల్లల గుంపును వారాల తరబడి కాస్తాయి. ఎర్రటి పిల్లలు బంతిలా కలిసి నీటి పైన కదులుతుంటాయి, పెద్ద చేప కిందే ఉంటుంది. ఆ బంతి మీదికి కప్పను విసిరితే తల్లో తండ్రో కోపంతో కరుస్తుంది. ఇంత తేలికగా కొర్రమీను మరెప్పుడూ దొరకదు. దాన్ని ఆ వేళ పట్టుకుపోతే కాపలా లేని పిల్లలు గంటల్లో ఇతర చేపల పాలవుతాయి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపుతున్నారు, చేప గుడ్లు పెట్టే కాలమని. చెరువు గట్టు మీద ఆ ఆంక్షను ఎవరూ అమలు చేయలేరు. పిల్లల బంతి కనబడిన చోట గాలం వేయకుండా వెళ్లడం ప్రతి మనిషీ తనకు తానుగా చేయాల్సిన పని. తగిలినా వదిలేయడం కిరిటిమాటివాళ్లు చేసి చూపిస్తున్నదే.

పగడపు దీవిని చూడాలనుకునేవాళ్లు పసిఫిక్ దాకా పోనక్కర్లేదు. మన లక్షదీవులు కూడా అటాల్‌లే. 36 దీవులు, అన్నీ కలిపి 32 చదరపు కిలోమీటర్ల నేల. కొచ్చి నుంచి అగత్తికి విమానం ఉంది, ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. అక్కడి జాలర్లు ట్యూనా చేపను వలతో కాకుండా కర్ర గాలంతో ఒక్కొక్కటిగా పడతారు. లాగూన్‌లోని చిన్న చేపలను బతికుండగానే ఎరగా చల్లుతారు. 1998, 2010, 2016లో సముద్రం వేడెక్కి లక్షదీవుల పగడం తెల్లబోయింది. 2015-16లో కిరిటిమాటిలోనూ దాదాపు 90 శాతం పగడం చచ్చిపోయింది. పగడం చస్తే ఎర చేప తగ్గుతుంది, ఎర చేప తగ్గితే ట్యూనా వేట ఆగుతుంది. జాలర్లు ఈ వరసను శాస్త్రవేత్తల కన్నా ముందే చెప్పగలరు, అడిగితే.

ఉప్పల్‌లో ఆ అడిగే పని ఇప్పుడు మొదలు పెట్టవచ్చు. చెరువుల రక్షణ కోసం 2024 జులైలో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. చెరువుల్లో పూడిక తీయడం, హద్దులు గుర్తించడం జరుగుతోంది. పూడిక తీసి, కట్ట చుట్టూ నడకదారి వేసి, దీపాలు పెడితే మనుషులకు బాగుంటుంది. దానితో పాటు మరో పని ఉంది. నల్ల చెరువు, పెద్ద చెరువు, రామంతాపూర్ చెరువు మీద హక్కున్న మత్స్య కుటుంబాల్లో 60, 70 ఏళ్లు దాటిన పెద్దలు ఉన్నారు. తరావాలో అడిగినట్టే వాళ్లనూ కూర్చోబెట్టి అడగాలి. ఏ అలుగు నుంచి చేప ఎక్కేది, ఏ కార్తెలో, ఏ జాతి, ఏ కల్వర్టు కట్టాక ఆగిపోయింది అని. ఆ జవాబులను పటం మీదికి ఎక్కించాలి. తూములు, కల్వర్టులు మళ్లీ కట్టేటప్పుడు నేల మట్టానికి దించి, చేప ఎక్కేంత వాలు ఉంచడానికి ఇంజినీర్లకు కావలసింది ఆ పటమే. దేశం మొత్తానికి పటాలు గీసే సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉప్పల్‌లోనే ఉంది. అక్కడ చదువుకునే యువకులకు నాచారం పెద్ద చెరువు గట్టు ఎంతో దూరం కాదు. ఈ మృగశిరకు ముందే ఆ పెద్దలను కలిస్తే, తొలి వానకు ఏ అలుగు దగ్గర నిలబడి చూడాలో వాళ్లే చెబుతారు.